హంసకు దొరికిన ఓటమి

మా మనవరాలు హంస ఫిజిక్స్ చదవాలనుకుంది. సాయంత్రం అయిదింటిలోగా అమెరికాకో బ్రిటన్‌కో, ఒక్కచోటికే దరఖాస్తు పంపాలి.

బ్రిటన్ వాళ్లు చెవిలో పెట్టుకునే ఏఐ గుండీ తీసేసి ఒక ప్రశ్న గురించి ఆలోచించి చూపించమన్నారు. అమెరికా వాళ్లు జీవితంలో ఓడిపోయిన సంగతి ఒకటి రాయమన్నారు. పుట్టినప్పటి నుంచీ చెవిలో గుండీ అన్ని జవాబులూ చెబుతుంటే పిల్ల ఎక్కడ ఓడిపోతుంది? గుంటూరు ఓటమి కోచింగ్ సెంటర్లో సీట్లు ఎప్పుడో నిండిపోయాయి.

“అమెరికాలో నాలుగేళ్లు అన్నీ రుచి చూడొచ్చు. బ్రిటన్‌లో మూడేళ్లూ ఫిజిక్సే. ఒక్క ఓటమైనా లేకుండా పెంచాం, మాదే తప్పమ్మా” అని మా అబ్బాయి శేషు తల పట్టుకున్నాడు.

హంస గుండీ తీసి డబ్బాలో పెట్టి, బ్రిటన్ వాళ్ల పాత ప్రశ్న ఒకటి తీసుకుంది. గ్లాసు నీళ్లలో టీపొడి వేసి తిప్పితే, పొడి అంచులకు పోకుండా అడుగున మధ్యకే ఎందుకు చేరుతుంది? అరగంట తిప్పి చూసింది. తెలియలేదు. కళ్లనీళ్లు పెట్టుకుంది.

శేషు ఎగిరి గంతేశాడు. “ఓడిపోయావే తల్లీ! ఆ కన్నీళ్లు ఆరకముందే రాసెయ్. అమెరికా సీటు మనదే!”

హంస గ్లాసు మీంచి తలెత్తలేదు. “ఉండు నాన్నా, అడుగున ఇంకేదో జరుగుతోంది.”

“గుండీ పెట్టుకోవే, చెప్పేస్తుంది.”

“చెబితే ఊరుకోను. బ్రిటన్‌కే పంపు. నానమ్మా, ఇంకాస్త టీపొడి!”

నేను గుండీ డబ్బాను ఉప్పు జాడీ వెనక దాచి, టీపొడి తెచ్చిచ్చాను.