గాజుల బోణీ

బాన్సువాడ బడిలో గంట కొట్టే ఆయా పని మానేసి, గంగామణి ఆ బడి ఎదురుగానే గాజుల దుకాణం పెట్టింది.

"నౌకరి ఇడిసినవు, ఫికర్ లేదా?" దగ్గుతూ అడిగాడు భర్త లింబాద్రి.

"నిన్ను దవాఖానకు తీస్కపోవాలంటె ఇగ ఎవ్వల్నీ సెలవడిగే పని లేదు."

"అయితే బోణీ నాదే" అంటూ ఆమె చేతికే పచ్చగాజులు తొడిగాడు.

"మెల్లగ! పలిగితె పైసలియ్యాలె, సేటూ!"

ఇద్దరూ నవ్వారు.

నెల తిరక్కుండానే లింబాద్రి పోయాడు. కర్మలయ్యాక ఆమె దుకాణం తెరిచింది. ఒక పెళ్లికూతురు గాజులు ఏరుకుని, తొడగమని చెయ్యి చాపింది. గంగామణి బోసిచేతులు చూసి, పిల్ల తల్లి ఆ చేతిని వెనక్కి లాగింది.

"ఏమనుకోకక్కా. కాగితంల చుట్టియ్యి. ఇంటికాడ తొడిగించుకుంటం."

చుట్టి ఇచ్చింది.

ఎదురుగా కొత్త ఆయా బడి గంట కొట్టింది. గంగామణి అలవాటుగా లేచి నిలబడింది. కాసేపటికి మళ్లీ కూర్చుంది.