పసుపు గీత

పసుపు గీత మొదట్లో బాల్కనీలో ఉండేది. దాన్ని దాటి వీధివైపు వెళ్తే వీధి మీదుగా పోయే తీగల్లోని కరెంటు గాల్లోంచే మనిషి మీదికి దూకుతుంది. కరెంటు కంపెనీ ఓల్టేజీ పెంచలేదు. కింద పోయే లారీలు ఆగకుండానే ఆ తీగల నుంచి ఛార్జి అవ్వాలని ఫ్రీక్వెన్సీ పెంచుతూ పోయింది. పెంచినప్పుడల్లా కరెంటు ఇంకాస్త దూరం దూకేది, కంపెనీ పెయింటరు వచ్చి గీతను ఇంకాస్త లోపలికి గీసేవాడు. నాంచారి సామాను వెనక్కి జరుపుకునేది.

ఈ రోజు గీత హాలు మధ్యకి వచ్చింది.

"సాయంత్రం నుంచి ఇది దాటకండమ్మా," అని చెప్పి పెయింటరు వెళ్ళిపోయాడు.

వీధి తలుపు గీతకు అవతలే ఉందని చీకటి పడేదాకా నాంచారికి తట్టలేదు. అప్పటికే మెట్ల మీద భర్త ఏడుకొండలు చెప్పుల చప్పుడు వినిపించింది.

"మలుపులోనే ఆగయ్యా! తలుపు దగ్గరికి రావద్దు, గీత లోపలికి జరిపారు!"

"మరి అమ్మ మందో?"

లోపలి గదిలోంచి అత్తగారు ఆయాసపడుతూనే అరిచింది. "నా మందుకేం తొందర్రా! అక్కడే ఉండు."

"నీ గొంతు వింటే తెలుస్తోందిలే ఎంత బాగున్నావో. లోపలికి రాన్లే, తలుపు తీసి సీసా దొర్లించేసి పోతా."

"వద్దయ్యా!"

తలుపు తెరుచుకుంది. హాలంతా నీలంగా వెలిగి ఆరిపోయింది. మందు సీసా దొర్లుకుంటూ గీత దాటి నాంచారి కాళ్ళ దగ్గర ఆగింది. గుమ్మంలో అతను బోర్లా పడి ఉన్నాడు.

"వాడు వెళ్ళిపోయాడా?" అడిగింది అత్తగారు.

నాంచారి సీసా మూత తీసింది.

"ముందు ఇది తాగండి అత్తయ్యా."