చప్పుడు లేని షిఫ్టు

"సార్, వాణ్ణి నా సొరంగంలోంచి తీసేస్తారా, నన్ను తీసేస్తారా?" రెజ్ బురద చేత్తోనే కెప్టెన్ బల్ల మీద గుద్దాడు.

ఇలా అడగడం అతనికి కొత్త కాదు. వాడంటే డార్సీ.

వీళ్లంతా ఆస్ట్రేలియా బంగారు గనుల్లో పనిచేసినవాళ్లు. మొదటి ప్రపంచ యుద్ధానికని బెల్జియం వచ్చి, ఈ బంకమట్టి గుట్ట కింద జర్మన్ల కందకాల దాకా సొరంగం తవ్వుతున్నారు. మందుగుండు పెట్టి పైనున్నవాళ్లను లేపెయ్యాలి. జర్మన్లేం తక్కువ తినలేదు. వాళ్లూ తవ్వుతున్నారు, మట్టికి చెవి ఆనించి వింటున్నారు. చిన్న చప్పుడు దొరికితే చాలు, అటువైపు మందు పేల్చి బతికుండగానే పూడ్చేస్తారు.

అందుకే కింద ఎవరూ బూట్లు వేసుకోరు. మాటల్లేవు, సైగలే. పికాసి ముట్టుకోరు. ఏటవాలు చెక్క మీద వెల్లకిలా పడుకుని, కాళ్లతో పారను మట్టిలోకి నెడతారు. రెజ్ తవ్వుతుంటే పక్కనున్నవాడికి కూడా వినపడదు.

డార్సీ మాత్రం బూట్లతోనే దిగుతాడు. పికాసితో దబదబా బాదుతాడు. ఈల వేస్తాడు. ఖాళీ డబ్బాలు తన్నుకుంటూ నడుస్తాడు.

"నీకు దణ్ణం పెడతాను, ఆ బూట్లు విప్పరా."

"చలి గురూ!"

కెప్టెన్ ఈసారీ కాగితాల్లోంచి తల ఎత్తలేదు. "సర్దుకుపోవయ్యా. మంచి పనివాడు."

"మంచి పనివాడా? వాడి పుణ్యాన చచ్చేది మేం సార్!"

"సర్దుకుపో అన్నానా!"

రెజ్‌కి ఒళ్లు మండిపోయింది. ఇంతకంటే గోడకి చెప్పుకున్నా నయం. ఒక్కటే ఊరట, తమ్ముడు క్లెమ్ ఈ పీడకి దూరంగా ఉన్నాడు. వాణ్ణి మంచినీళ్ల బావి తవ్వే జట్టులో వేశారు. సొరంగం పక్కనే ఆ బావి, 'లోతు బావి' అని బోర్డు కూడా పెట్టారు. ఇద్దరం కలిసే తిరిగొస్తామని రెజ్ అమ్మకి మాటిచ్చాడు.

"నీళ్లు పడ్డాయట్రా?" అని పొద్దున అడిగితే క్లెమ్ నవ్వేశాడు.

"ఇంకా ఎక్కడన్నయ్యా!"

మధ్యాహ్నం షిఫ్టుకి ముందు రెజ్ తనే టీ కాచాడు. డార్సీ కప్పులో రమ్ము పోశాడు, దాంతోపాటు దండిగా ఆముదం.

"ఏంటి గురూ, ఇవాళ మర్యాదలు?"

"తాగరా. చలి అన్నావుగా."

ఇంకేముంది, డార్సీ దొడ్డి గుంట దగ్గర చతికిలపడ్డాడు. "నేను దిగలేదని కెప్టెన్‌కి చెప్పు గురూ! ఇప్పుడే చెప్పు!" అని అక్కణ్ణుంచే కేకలు.

"అలాగేలే," అని రెజ్ ఎవరికీ చెప్పకుండా దిగిపోయాడు.

అబ్బ, అదీ షిఫ్టంటే! కొవ్వొత్తి కాలే చప్పుడు కూడా వినపడింది. ఇన్నాళ్లకి రెజ్ కడుపు చల్లబడింది.

పని ముగిసే వేళకి నేల ఒక్క కుదుపు కుదిపింది. కొవ్వొత్తి ఆరిపోయింది. దన్ను కర్రలు మూలిగాయి, విరగలేదు. జర్మన్లు మందు పేల్చారు, కానీ ఎక్కడో బాగా దిగువన. గురి తప్పింది! రెజ్ చీకట్లోనే నవ్వుకున్నాడు.

పైకొచ్చేసరికి కెప్టెన్ బావి అంచున మోకాళ్ల మీద ఉన్నాడు. రెజ్ ఆగలేకపోయాడు.

"చూశారా సార్! చప్పుడు లేకపోతే మనం ఎక్కడున్నామో వాళ్లకి అంతుపట్టలేదు. డార్సీగాడికి ఆముదం పట్టించి మరీ ఆపాను!"

కెప్టెన్ మొహంలో నెత్తురు చుక్క లేదు. పొగ లేస్తున్న బావి వైపు వేలు చూపించాడు.

"ఈ బావిలోంచి మీ తమ్ముడు వాళ్లు తవ్వుతున్న అసలు సొరంగం జర్మన్లకి వినపడకూడదనే, డార్సీని మీ దాంట్లో చప్పుడు చెయ్యమన్నది నేనే రెజ్."