అంచుల్లేని పేజీ

ఆ ఉదయం, పూర్ణిమ చేసిన వెబ్‌సైట్లన్నిటిలో అంచులు మాయమయ్యాయి.

హంసలు, మామిడి పిందెలు, గోపురాలు. పేజీ చుట్టూ చీర అంచులా తిరిగే బొమ్మలు. వాటి చోట తెల్లటి గళ్లు మిగిలాయి.

హిందూపురంలో పట్టుగూళ్ల మార్కెట్ వెనక, మేడ మీద ఒక గది ఆమె స్టూడియో. పని చేసేది తనూ, లోకేష్. చీరల అంగళ్లకు సైట్లు తయారుచేస్తారు.

మొదటి ఫోను ధర్మవరం నుంచి. చీరల వ్యాపారి నాగేశ్వరయ్య.

“ఏమ్మా, నా సైటు బోడిగా ఉండాదే. మొహమాటానికి ఒక పువ్వన్నా మిగల్చకపోతివి.”

“చూస్తాండాం సార్.”

“చూసేదేముండాది? నువ్వు గీసిన బొమ్మలే కదా, మళ్లీ పెట్టు. శ్రావణం బేరాలు మొదలైనాయి. సాయంత్రానికి రాకపోతే బెంగళూరోళ్లకు ఇచ్చేస్తా.”

“అట్లే సార్.”

నాగేశ్వరయ్య పోతే ఆ బజారులో మిగిలినవాళ్లూ పోతారు. వాళ్లు పోతే ఈ గదికి తాళమే.

ఆ బొమ్మలు ఆమె గీసినవి కావు. ఇంటర్నెట్‌లో ఎవరో, పేరు కూడా చెప్పుకోకుండా, అంచులు గీసి పెట్టేవారు. ఎవరైనా ఊరికే వాడుకోవచ్చని అక్కడ రాసి ఉండేది. పూర్ణిమ వాడుకుంది.

ఒక అంగట్లో ‘మేమే గీస్తాం’ అంది. ఆ మాట విని మిగిలిన అంగళ్లు వచ్చాయి. తర్వాత దాన్ని వెనక్కి తీసుకునే దారి లేకపోయింది.

బొమ్మల్ని దించుకుని దాచుకోనూ లేదు. ఆ సైటులో ఉన్నదే తమ పేజీలో కనిపించేట్టు లింకు ఇచ్చేవారు. పని తొందరగా ముగిసేది.

ఇప్పుడు ఆ సైటే లేదు.

“యాడ వెతికినా ఇట్లాంటివి లేవక్కా,” అన్నాడు లోకేష్. “ఏఐని అడిగితే హంసకు బదులు బాతును ఇస్తాంది. దానికీ మూడు కాళ్లు.”

ఆమె నవ్వలేదు.

“ఆ సైటోళ్ల మెయిల్ నా దగ్గర ఉండాది. నీ సెల్లు నంబరిచ్చి రాసినా. ఎవరన్నా చేస్తారేమో.” మెయిల్ మూసి మళ్లీ అన్నాడు. “ఆ పెద్దాయన చెప్పిందే అయ్యిందక్కా.”

పూర్ణిమకు గుర్తుంది. పోయిన నెల మొదట్లో వచ్చాడు. మెట్లెక్కి, రొప్పు తగ్గేదాకా తలుపు పట్టుకుని నిలబడ్డాడు. కూర్చోమంటే కూర్చున్నాడు.

“మీ సైట్లు చూసినానమ్మా. అడుగున స్టూడియో పేరుంటే వచ్చినా. ఆ అంచులు యాడియి?”

నాగేశ్వరయ్య పంపిన మనిషేమో అనుకుంది.

“మావే. మేమే గీస్తాం.”

లోకేష్ గోడ వైపు తిరిగాడు.

ఆయన ఆమె మొహంలోకి చూశాడు. తర్వాత తెర మీది హంసల వైపు చూశాడు.

“బాగా గీసినారు.”

“ఏం పని మీద వచ్చినారు?”

“ఏం లేదు. గీసినవన్నీ ఈ మిషన్లో ఒక కాపీ పెట్టుకోండమ్మా. నెలాఖరులోపల. బయట ఉండేదాన్ని నమ్ముకోవద్దు.”

“పెట్టుకుంటాంలే.”

“మర్చిపోతారు. ఇప్పుడే మొదలుపెడితే నేనూ ఒక చెయ్యి వేస్తా.”

“ఈడ పనుండాది పెద్దాయనా. మీరు పోయిరండి.”

ఆయన పోయాక, “కాపీలు దాచుకునే డబ్బాలు అమ్మేటోడక్కా,” అన్నాడు లోకేష్. ఇద్దరూ నవ్వుకున్నారు. ఆ నెలంతా ఎవరూ ఏదీ దించలేదు.

అంచులు మాయమైన ఆ రోజు, మధ్యాహ్నం కాకముందే తెలియని నంబరు నుంచి పూర్ణిమ సెల్లుకు ఫోను వచ్చింది.

“మెయిల్ పెట్టింది మీరేనా మేడమ్? నా పేరు మంజుల. పెనుకొండ. ఆ సైటు మా నాయనది.”

పూర్ణిమ లేచి నిలబడింది. “ఆయనకు ఒకసారి ఇస్తారా?”

“నాయన లేడు మేడమ్. పోయిన నెలలోనే తీరిపోయినాడు.”

పూర్ణిమ తెర మీది తెల్లటి గళ్ల వైపు చూసింది.

“ఆ బొమ్మలు మీ దగ్గర ఉండాయా?” అడిగింది.

“లేవు. ఆయన కంప్యూటర్లోనే గీసేది. చెప్పి పోయినట్టే దాన్ని తుడిచేసి బడికిచ్చినాం. సైటు నెలాఖరుదాకా ఉంచి మూసేయమన్నాడు, మూసినాం. మాకు మనసు ఒప్పలేదు. దిగులు పడొద్దు, అన్నీ ఒకచోట భద్రంగా ఉంటాయిలే అన్నాడు.”

“యాడ?”

“మీ ఊర్లోనే. ఒంట్లో బాగలేకున్నా బస్సెక్కి పోయి, ఆడ ఒక పాపకు చెప్పి వచ్చినాడు. ‘బాగా వాడుకుంటాంది, ఆ పాప దగ్గర ఉంటే చాలు’ అన్నాడు. పేరు అడిగితే చెప్పలేదు. నలుగురిలో ఆ పాపకు ఇబ్బంది, వద్దులే అన్నాడు. ఎందుకో తెలీదు.”

పూర్ణిమ, పోయిన నెల ఆ పెద్దాయన కూర్చున్న కుర్చీ వైపు చూసింది.

“మీదీ అదే పని కదా మేడమ్, మీకు తెలిసే ఉంటాది. మాకేమీ వద్దు. నాయన చేతి గీత ఒక్కటన్నా ఉంటే మా పిల్లోళ్లకు చూపించుకుంటాం. ఆ పాప ఎవరో చెప్తారా?”

కింద మార్కెట్లో గూళ్ల వేలం సాగుతోంది. బల్ల మీద స్టూడియో ఫోనులో నాగేశ్వరయ్య పేరు వెలిగి ఆరింది. మళ్లీ వెలిగింది.

పేరు బయటపెట్టకుండా ఆ పెద్దాయన కాపాడిన పాప, ఆయన కూతురికి ఇంకా జవాబు చెప్పలేదు.