అవునూ లేదు, కాదూ లేదు

వల్కో రొట్టెల కొట్లోకి వచ్చి తలుపుకి గడియ పెట్టాడు.

లోపల తొమ్మిదిమంది ఉన్నారు. పొద్దుటి రొట్టె కోసం వచ్చినవాళ్ళు.

"నా పడవల సంగతి పోలీసులకి చెప్పింది మీలో ఒకరు," అన్నాడు. "ఎవరది?"

డాన్యూబ్ నది మీద దొంగ డీజిల్ తోలే వల్కో పడవలు రెండు ఆ వారమే పట్టుబడ్డాయి. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాడి కోసం అతను ఒక్కొక్క మొహమే చూసుకుంటూ వస్తున్నాడు. దొరికిన మనిషి మర్నాటికి ఏట్లో తేలతాడని అందరికీ తెలుసు.

"స్టామెన్, నా మొహం చూడవేం?"

కొట్టు యజమాని స్టామెన్ తల ఎత్తకుండా రొట్టెలు సర్దసాగాడు.

"నేనే చెప్పాను," అంది వెనకనుంచి నెదెల్య బామ్మ.

అయిదేళ్ళ కిందట ఎక్కడినుంచో వచ్చి మా ఊళ్ళో ఇల్లు కొనుక్కున్న ఒంటరి మనిషి ఆమె. ఎవరితోనూ పెద్దగా కలిసేది కాదు.

"నువ్వా?"

"ఆఁ, నేనే. కళ్ళున్నాయి, చూశాను. నోరుంది, చెప్పాను. ఇంతమంది ముందు చెప్తున్నాను గనక రేపు నాకు జలుబు చేసినా ఊరు నీ పేరే చెబుతుంది. తలుపు తియ్యి నాయనా, రొట్టె చల్లారిపోతోంది."

వల్కో తలుపు తీశాడు.

ఈ కబురు విని ఇన్‌స్పెక్టర్ రంగెల్ తెల్లబోయాడు. పడవల సంగతి చెప్పిన ఇన్‌ఫార్మర్ వేరే మనిషి. ఆ పేరు సీలు వేసిన కవరులో, ఇనప బీరువాలో ఉంది. రంగెల్‌కీ, పై అధికారి క్రుమోవ్‌కీ తప్ప మూడోవాడికి తెలియదు. నెదెల్య బామ్మ స్టేషన్ మెట్లు కూడా ఎక్కలేదు.

అలాగని ఆమె కాదని చెప్పడానికి వీల్లేదు. ఇన్‌ఫార్మర్ ఫలానావాడా అని ఎవరి గురించి అడిగినా అవుననకూడదు, కాదనకూడదు. స్టేషన్లో దాన్ని దిల్యాన్ నిబంధన అంటారు. దిల్యాన్ అంటే ఎవరో పాత కమిషనరు కాబోలు అనుకునేవాడు రంగెల్.

మా ఊళ్ళో దొంగకి పిల్లనిస్తారు గాని ఇన్‌ఫార్మర్‌కి నిప్పు కూడా ఇవ్వరు. ఎవరి ప్రాణం కోసం ఆమె నోరు తెరిచిందో తెలియని స్టామెన్, ఆమెకి రొట్టె అమ్మడం మానేశాడు. కిటికీ అద్దాలు పగిలాయి. ఆమె మాత్రం రోజూ గుమ్మం ముందు బల్ల మీద కూర్చుని, పొద్దుతిరుగుడు గింజలు కొరుకుతూ, తల తిప్పుకుని పోయేవాళ్ళని పేరుపెట్టి పలకరించేది. చెప్పుకోవడానికి సిగ్గేస్తోంది, అలా తల తిప్పుకున్నవాళ్ళలో నేనూ ఉన్నాను.

పగిలిన అద్దాల వంకతో రంగెల్ ఆ ఇంటికి వెళ్ళాడు.

మా ఊళ్ళో మనిషి పోతే ఫొటోతో నల్ల అంచు కాగితం అచ్చు వేయించి గుమ్మానికి అంటిస్తారు. ఏటా మళ్ళీ వేయిస్తారు. ప్రతి ఇంటికీ ఒకటో రెండో ఉంటాయి కనక ఎవరూ ఆగి చదవరు. నెదెల్య బామ్మ తలుపు మీదా ఒకటుంది. రంగెల్ దాని మీద చెయ్యి ఆనించి నిలబడ్డాడు.

"బామ్మా, నువ్వు కాదుగా."

"నీ ఉద్యోగం అలా అడగనిస్తుందా అబ్బాయ్?"

"ఒక్క మాట చెబితే ఊరు నిన్ను వదిలేస్తుంది."

"చెప్పి చూడు. ఈవిడ కాదంటావు. రేపు స్టామెన్‌ని అడుగుతారు, కాదంటావు. ఎల్లుండి ఇంకొకడు. ఆఖరికి అసలువాడి పేరు దగ్గర నీ నోరు పెగలదు. ఇంక వాళ్ళకి వేరే చెప్పాలా?"

రంగెల్ గుమ్మంలో పడ్డ గాజుపెంకుని బూటుతో పక్కకి నెట్టాడు.

"ఇంతకీ ఎవరి కోసం ఇదంతా? ఆ మనిషెవరో కూడా నీకు తెలియదు."

"తెలియకపోవడమే నయం. తెలిస్తే, ఛీ, వీడి కోసమా అనిపించొచ్చు. అద్దాల లెక్క రాసుకుని వెళ్ళు."

అసలు ఇన్‌ఫార్మర్ కూడా, తన మీద అనుమానం రాకుండా, అందరితోపాటు ఆమెని చూసి ఉమ్మడం రంగెల్ కళ్ళారా చూశాడు.

వల్కోకి తొమ్మిదేళ్ళ జైలు పడింది. ఇన్‌ఫార్మర్ బతికి బట్టకట్టాడు. ఆ చలికాలమే నెదెల్య బామ్మ ఊపిరితిత్తులకి నెమ్ము చేరి పోయింది. ఆమెని సాగనంపడానికి ఊళ్ళో ఒక్కరూ కదల్లేదు.

రంగెల్ యూనిఫాం వేసుకోవడం చూసి క్రుమోవ్ అడ్డం వచ్చాడు.

"ఈ బట్టల్లో శవం వెనక నడిస్తే అవునని చెప్పినట్టే కదయ్యా."

"ఆవిడ మన ఇన్‌ఫార్మర్ కాదు కద సార్. నిబంధన ఆవిడకెందుకు?"

"అదెందుకు పుట్టిందో తెలుసా నీకు? ఎగువ రేవులో మనవాడొకడు జాలిపడి, ముగ్గురు అమాయకుల పేర్లకి కాదు, కాదు, కాదు అన్నాడు. నాలుగో పేరు దగ్గర ఆగిపోయాడు. ఆ నాలుగో కుర్రాణ్ణి మర్నాడు ఏట్లోంచి తీశారు. వాడి పేరే పెట్టుకున్నాం నిబంధనకి."

రంగెల్ టోపీ పెట్టుకున్నాడు.

"మెమో రాసి ఉంచండి సార్. వచ్చి తీసుకుంటాను."

ఆమె చావు కాగితం అంటించే దిక్కు లేక తనే వేయించి తెచ్చాడు. తలుపు మీద చోటు కోసం చూస్తూ, ఆనాడు చెయ్యి ఆనించి నిలబడ్డ పాత కాగితాన్ని మొదటిసారి చదివాడు.

నవ్వుతున్న కుర్రాడి ఫొటో కింద ఇలా ఉంది: "దిల్యాన్, ఇరవై మూడేళ్ళు. నువ్వు లేని ఇరవై ఆరో ఏడు. అమ్మ, నెదెల్య."