ఒక్కరికే వెళ్లే మెయిల్

ఒకరి తప్పు నలుగురికీ తెలియాలా, చేసినవాళ్లకు తెలిస్తే చాలా? ఏళ్లుగా తేలని ఈ ప్రశ్నకు కరీంనగర్‌లోని మా ఆఫీసులో జవాబు దొరికిందనుకున్నాను.

మేమంతా రాసిన ప్రోగ్రాములను కలిపి నడిపే బిల్డ్ ఆగిపోతే, ఎవరి వల్ల ఆగిందో పేరుతో సహా అందరికీ మెయిల్ వెళ్లేది. ఎక్కువగా కొత్తమ్మాయి నౌషీన్ పేరే. చూడలేక నేనో స్క్రిప్ట్ రాశాను. అది తప్పున్న చోటు వెతికి, కింద "ఏం ఫికర్ చేయకు" అని చేర్చి, అందరికీ బదులు తప్పు చేసిన ఆ ఒక్కరికే మెయిల్ పంపుతుంది.

నా దయకు నేనే మురిసిపోయి, నౌషీన్ థాంక్స్ చెబుతుందని ఎదురుచూశాను. వచ్చింది, ఉద్యోగం మానేస్తానని.

"ఇప్పుడు నీ పేరు ఎవలకూ పోతలేదు కదా?"

"గదే పరేషాన్ అక్కా. ముందుగాల పేరు పడంగనే నవ్వుకుంటనైనా ఎవలో ఒకలు వచ్చి ఎట్ల సరిజేయాల్నో చూపిచ్చెటోళ్లు. గిప్పుడు ఒక్కలు వస్తలేరు."

"నన్ను అడగొచ్చు కదా?"

"నువ్వు మిషన్‌కు అప్పజెప్పి చేతులు దులుపుకుంటివి."

కుర్చీ ఆమె పక్కకు జరుపుకున్నాను. ఆ రోజు బిల్డ్‌ను ఆపిన ఆమె తప్పును ఇద్దరం కలిసి సరిచేశాం. స్క్రిప్ట్‌లో ఎవరికి పంపాలన్న చోటు మాత్రం ఖాళీ చేశాను. అందుకని ప్రస్తుతం మెయిల్ ఎవరికీ వెళ్లడం లేదు. అక్కడ అందరి పేర్లూ పెట్టాలో, ఒక్కరిదే ఉంచాలో నాకింకా తెలియడం లేదు.