పరీక్షకు పెట్టిన పరీక్ష

"యాభైకి పందొమ్మిది. ముప్ఫై రావాలి. సోమవారం నుంచి ఆ అమ్మాయిని రావద్దని చెప్పండి," అంది హెడ్డాఫీసు నుంచి వచ్చిన మేడమ్, తెలివితేటల పరీక్ష కాగితం మేనేజరు ముందుకు తోస్తూ.

ఆరు నెలలుగా ఆ బ్యాంకు కౌంటర్లో టెంపరరీగా పనిచేస్తున్న పిల్ల పాస్‌బుక్కుల కట్టతో గుమ్మం దగ్గరే నిలబడిపోయింది.

"నిదానంగా చదువుతుంది మేడమ్, అంతే," అన్నాడు మేనేజరు. "మొన్న ఓ పెద్దాయన ఫోను చెవి నుంచి తీయకుండానే వచ్చి, డిపాజిట్ మొత్తం ఎవరి ఖాతాకో పంపమన్నాడు. అవతల ఎవడో బెదిరిస్తున్నాడని కనిపెట్టింది ఈ పిల్లే. ఫోను లాక్కుని కట్ చేసేసింది. ఆయన మా క్యాషియరు గారి నాన్న."

"సంతోషం. మార్కులు మాత్రం పందొమ్మిదే."

పక్కనే ఉన్న క్యాషియరు గొంతు సవరించుకున్నాడు. రోజుకు పది మాటలు దాటే మనిషి కాడు.

"ఆ కాగితం నాకూ ఒకటి ఇవ్వండమ్మా. కొత్త పరీక్షని పాతవాళ్ళ మీద కూడా పెట్టి చూడమని మీ సర్క్యులర్లోనే ఉంది."

ఉంది. మేడమ్ కాదనలేకపోయింది. ఒక్కో ప్రశ్నకు నాలుగు జవాబులు, ఒకదానికి టిక్కు. వ్యవధి ఇరవై నిమిషాలు. క్యాషియరు కళ్ళజోడు తుడుచుకుని కూర్చున్నాడు. పద్దెనిమిదో నిమిషానికే లేచాడు.

మేడమ్ దిద్దింది. నమ్మకం కుదరక మళ్ళీ మొదటినుంచి దిద్దింది.

"సున్నా!"

మేనేజరు వచ్చే నవ్వు ఆపుకుని అందుకున్నాడు. "ఇరవై ఏడేళ్ళ సర్వీసులో ఒక్క తప్పు చేయని మనిషండీ. ఆయనకే సున్నా వేసిన పరీక్షని నమ్మి, ఈ పిల్లని పంపించేయమంటారా?"

"వయసైపోయిందమ్మా. బుర్ర పనిచేయలేదు," అన్నాడు క్యాషియరు నేల చూస్తూ.

మేడమ్ ఆయన కాగితాన్ని చాలాసేపు చూసింది. తర్వాత పిల్ల వంక చూసింది. పెన్ను తీసి, 'ఈ పరీక్ష మార్కులు లెక్కలోకి తీసుకోవద్దు. పని చూసి పర్మనెంటు చేయవచ్చు' అని రాసి సంతకం పెట్టింది.

పిల్లకు ఏడుపూ నవ్వూ కలిసి వచ్చాయి. "మీ మేలు మరచిపోను మేడమ్!" అని, క్యాషియరు వైపు తిరిగింది. "పోన్లే బాబాయ్, సున్నా వస్తే మాత్రం ఏం? నీకు నేను నేర్పిస్తాలే."

"అలాగే తల్లీ," అన్నాడాయన బుద్ధిగా.

కారు దాకా వెళ్ళి మేడమ్‌కి చేతులు జోడించాడు. "మా నాన్నని కాపాడిన పిల్లమ్మా. మీకు రుణపడి ఉంటాను."

మేడమ్ కారెక్కి అద్దం దించింది.

"ఈసారి ఓ పదైనా ఒప్పులు పెట్టండి. ఏమీ రానివాడు కళ్ళు మూసుకుని టిక్కులు పెట్టినా పన్నెండు తగులుతాయి. యాభైకి యాభై తప్పు పెట్టాలంటే యాభైకీ సరైన జవాబు తెలిసుండాలి, బాబాయి గారూ!"